ముందు ఆయా, చివర డాక్టరు

పాఠక మహాశయులకు ముందుగా సాష్టాంగ క్షమాపణలు. మా ఆస్పత్రి పెద్ద సిస్టర్ పోయారు. ఆమె గురించి రాసే అర్హత మా అందరిలోకీ నాకే తక్కువ, అందుకే ఈ పని నాకు పడింది. డాక్టర్ గారు రాస్తే మందుల చీటీ అవుతుందనీ, ఆయా రాస్తే అన్నీ నిజాలే ఉంటాయనీ, మధ్యస్థంగా నేనే తగినవాడిననీ ఏకగ్రీవంగా తీర్మానించారు. కాబట్టి ఇందులో దొర్లబోయే అతిశయోక్తులకు, చావు కబురు మధ్యలో వచ్చే అసందర్భపు నవ్వులకు, సంతాప సాహిత్యానికి నా వల్ల కలగబోయే తీరని నష్టానికి, నా చదువు తరఫునా, ఆ చదువు చెప్పిన విశ్వవిద్యాలయం తరఫునా, తల వంచి మన్నింపు వేడుకుంటున్నాను. ఇక మొదలుపెడతాను, మెడ నొప్పిగా ఉంది.

ఆదివారం పొద్దున ఉప్పల్ రింగు రోడ్డు దగ్గర ఇడ్లీ బండి ముందు నిలబడి రెండో ప్లేటు చెప్పాలా వద్దా అని తీవ్రంగా ఆలోచిస్తుండగా ఫోన్ మోగింది. చేసింది మా వార్డు ఆయా. ఆయా ఎప్పుడూ ఫోన్ చేయదు, నిమిషం నిడివి గల వాయిస్ మెసేజ్‌లు పెడుతుంది. "సారూ, పెద్ద సిస్టర్ లేదు" అంది. ఆదివారం కదా, చర్చికి పోయి ఉంటారు అన్నాను.  "గట్ల గాదు సారూ" అంది ఆయా.

చర్చికి తయారై, చీర కుచ్చిళ్లు సరిచేసుకుంటూ మంచం మీద కూర్చున్నారట. అంతే. గుండె.

మాది నాచారంలో ముప్ఫై పడకల మానసిక వైద్యశాల. ఫ్యాక్టరీల వెనక సందులో ఉంటుంది. బయట బోర్డు మీద 'మానసిక' అన్న మాట సరిగ్గా ఎక్కడుందో అక్కడే ఒకాయన కొబ్బరి బోండాల బండికి గొడుగు కట్టుకున్నాడు. మా పేషెంట్ల చుట్టాలు ఆ గొడుగుకు మనసులోనే దండం పెట్టుకుని లోపలికి వస్తారు. లోపల మనిషి ఒక్కడే అయినా అతని గురించి రాసేవాళ్లం నలుగురం. డాక్టర్ గారు మందులు రాస్తారు. సైకాలజిస్టునైన నేను మాట్లాడించి, ఆ మాటలు రాస్తాను. నర్సులు బీపీ, నిద్ర, గోలీలు రాస్తారు. పూసలు గుచ్చడం, మొక్కలు పెంచడం లాంటివి చేయించే మేడమ్ ఒకరు పనులు రాస్తారు. ఆయా ఏమీ రాయదు. అన్నీ చూసేది మాత్రం ఆయా.

పెద్ద సిస్టర్ రాకముందు ఈ నాలుగు రాతలూ నాలుగు ఫైళ్లలో, నాలుగు అరల్లో, ఒకదాని మొహం ఒకటి చూడకుండా బతికేవట. జనగామ దగ్గర పల్లె నుంచి నర్సు చదువుకు వచ్చి, ఆస్పత్రుల్లో ముప్ఫై ఏళ్లు నడిచి నడిచి, చివరికి మా దగ్గర చేరిన ఆమె వచ్చిన మొదటి వారమే ఆ నాలుగు అరల తాళం చెవులూ తన దగ్గర పెట్టుకున్నారు. రెండో వారం మీటింగు పెట్టారు.

రోజూ పొద్దున తొమ్మిదికి, నర్సుల బల్ల చుట్టూ, పది నిమిషాలు, అందరం నిలబడి. కుర్చీలు ఉన్నాయి, కానీ వాటి మీద ముందే ఉతికిన దుప్పట్ల కట్టలు పెట్టించేవారు. "కూసుంటే మాట సాగుతది" అనేవారు. నియమాలు రెండే. చూసింది చెప్పాలి, అనుకున్నది తర్వాత. మాట్లాడే వరుస ఆయాతో మొదలై డాక్టరుతో ముగియాలి.

మా డాక్టర్ గారు బెజవాడ వైపు మనిషి. మంచివారే, కానీ మాట విషయంలో మహా పొదుపరి. మొదటి రోజున ఓపీ ఉందనీ, తను ముందు చెప్పేసి వెళ్లిపోతాననీ అన్నారట. సిస్టర్ చేతులు కట్టుకుని, ఎంతో వినయంగా, "మీరు ముందుగాల చెప్పిన్రనుకోన్రి సార్, మా అందరికి గదే కనవడ్తది. జర పది నిమిషాలాగున్రి" అన్నారట. డాక్టర్ గారు రెండు వారాలు నిట్టూరుస్తూ నిలబడ్డారు. మూడో వారం నిట్టూర్పు ఆగింది. నేను చేరేనాటికి, ఆయా సెలవు పెడితే మీటింగు ఎట్లా మొదలుపెట్టాలో తెలియక ఆయనే అందరి మొహాలూ చూసేవారు.

నేను చేరిన రోజు సంగతి చెప్పకపోతే చరిత్ర నన్ను క్షమించదు. పట్టా ఫ్రేము కట్టించుకుని తెచ్చుకున్నాను. గోడకు కొట్టడానికి మేకు కావాలని సిస్టర్‌ను అడిగాను. మేకు ఇచ్చారు. దాంతోపాటు దుప్పట్లూ ఇచ్చారు. "ఓ పూట ఆయమ్మతోని తిరుగు బిడ్డా, పక్కలు మార్సు. నిద్రవోయినవా అని అడిగితె మనిషి అబద్ధమాడ్తడు, దుప్పటి ఆడదు." యూనివర్సిటీ ఆరేళ్లలో చెప్పని సంగతి అది. ముప్ఫై పడకలూ మార్చాను. ఎవరు రాత్రంతా అటూ ఇటూ దొర్లారో, ఎవరు అంచు మీదే ముడుచుకున్నారో, ఎవరు దిండు కింద చపాతీ ముక్క దాచుకున్నారో ఆయా ఒక్కొక్క పక్క దగ్గరా ఆగి చూపించింది. మేకు మాత్రం వాడలేదు. ఇప్పటికీ నా సొరుగులోనే ఉంది.

మర్నాడు మీటింగులో నా తొలి ప్రసంగం. ఏడో పడక ఆయన గురించి గొంతు సవరించుకుని, రెసిస్టెన్స్ చాలా ఎక్కువగా ఉందని ప్రకటించాను. సిస్టర్ నా వైపు చూడలేదు. ఆయా వైపు తిరిగి, "నీకు తెలిసిందా?" అన్నారు. తెల్వలే అంది ఆయా. అయితే మళ్లీ చెప్పమన్నారు. రెండు మూడు రకాలుగా ప్రయత్నించి చివరికి, నేను అడిగితే ఆయన చెప్తలేడు అన్నాను. "గంతేనా?" అంది ఆయా. ఆ మూడు అక్షరాల ముందు నా ఆరేళ్ల చదువు ఎంత చిన్నదైందో, ఫ్రేములోని పట్టాకు తెలుసు.

ఈ శిక్ష నా ఒక్కడికే కాదు, అదే నాకు ఊరట. ఒకరోజు డాక్టర్ గారు ఒక పేషెంటు ముఖంలో ఏ భావమూ లేదన్నారు. ఎవరికి కనబడలేదని అడిగారు సిస్టర్. నాకే అన్నారాయన. నిన్న క్యారమ్స్‌లో రెడ్ కాయ పడ్డప్పుడు పండ్లన్నీ కనబడేటట్టు నవ్విండని చెప్పింది ఆయా. డాక్టర్ గారు ఫైలులో రాసింది కొట్టేసి, కింద ఇంకోటి రాశారు. కొట్టేస్తున్నప్పుడు ఆయన మొహం కూడా నవ్వుతూనే ఉంది, నేను చూశాను. చూసిందే చెప్తున్నాను.

సిస్టర్ అలవాట్లు చెప్పాలంటే, డాక్టర్ గారి గది తలుపు తెరిచి ఉన్నా సరే మూడుసార్లు కొట్టి గానీ లోపలికి అడుగు పెట్టేవారు కాదు. టిఫిన్ డబ్బాలో ఎప్పుడూ ముగ్గురికి సరిపడా టమాట పచ్చడి ఉండేది, తినేది మాత్రం నలుగురం. అందరి ఫైళ్లూ చదివేవారు, అక్షరం వదలకుండా, కళ్లజోడు ముక్కు చివరికి జార్చుకుని. నచ్చకపోతే తిట్టేవారు కాదు. నేను ఒకసారి ఒక అమ్మాయి గురించి రెండు పేజీలు రాశాను. అందులో నాకు తెలిసిన సిద్ధాంతాలన్నీ ఉన్నాయి, తెలియనివి కూడా కొన్ని ఉన్నాయి. సాయంత్రం ఫైలు నా బల్ల మీద పెట్టి, "సదివిన బిడ్డా. ఇంగ్లీషు మంచిగున్నది. పిల్ల ఏడున్నది?" అని అడిగి వెళ్లిపోయారు. మళ్లీ రాశాను. అరపేజీ వచ్చింది. అందులో ఆ పిల్ల ఉంది.

ఆమెకూ డాక్టర్ గారికీ మధ్య తలుపు వెనక ఏం జరిగేదో మాకు పెద్ద రహస్యం. మూడుసార్లు తలుపు కొట్టి లోపలికి వెళ్లేవారు, ఐదు నిమిషాల్లో వచ్చేవారు, కాసేపటికి మందు మారేది. లోపల ఆమె బల్ల గుద్ది వాదిస్తారని నేను ఆస్పత్రి అంతా ప్రచారం చేశాను. ఆదివారం సాయంత్రం సమాధుల దగ్గర, మట్టి వేసి చేతులు దులుపుకుంటూ డాక్టర్ గారు నాతో చెప్పారు: "ఆవిడ ఒక్కరోజు కూడా మందు మార్చమని అడగలేదండీ. 'సార్, నాకో డౌటు' అనేవారు. ముప్ఫై ఏళ్లు చేసిన మనిషికి రోజూ డౌటే. ఆ డౌటు తీర్చబోతే నా తప్పు నాకే కనిపించేది." అంత పొడుగు వాక్యాలు ఆయన నోటి నుంచి నేను వినడం అదే మొదలు.

ఇప్పుడు ఒక పేషెంటు సంగతి. ఆయన పేరు చెప్పను, లేత్ అన్న అంటాను. లేత్ మిషన్ సంగతి ఆయన అనుమతితోనే రాస్తున్నాను.

లేత్ అన్న నాచారంలోనే ఒక చిన్న వర్క్‌షాపులో లేత్ మిషన్ మీద ఇరవై ఏళ్లుగా పనిచేస్తున్నారు. తిరుగుతున్న ఇనుమును వెంట్రుక మందం తేడా రాకుండా చెక్కే చేయి ఆయనది. పోయిన వానాకాలం, చెవిలో ఎవరో మాట్లాడుతున్నారని నిద్ర పోక, తిండి తినక మా దగ్గరికి వచ్చారు. మందులతో ఆ మాటలు ఆగాయి, నిద్ర పట్టింది. ఇక ఇంటికి పంపుదాం అనుకుంటుండగా మళ్లీ తిండి మానేశారు. నెలాఖరు దాకా ఆయన మిషన్‌ను ఇంకొకరికి ఇవ్వనని షాపు యజమాని మాట ఇచ్చాడు. నెలాఖరుకు ఇరవై రోజులే ఉన్నాయి. ఆయన భార్య నాగారం నుంచి రెండు బస్సులు మారి రోజూ వచ్చేది. ఎప్పుడు పంపిస్తారని అడిగేది కాదు, అడిగినట్టు నిలబడేది.

జబ్బు తిరగబెట్టిందనీ, అన్నంలో ఏదో కలుపుతున్నారన్న అనుమానంతోనే తినడం లేదనీ డాక్టర్ గారు అనుకున్నారు. మందు పెంచారు. తిండి ఇంకా తగ్గింది. మళ్లీ పెంచారు. ఇంకా తగ్గింది. చివరికి పెద్ద దవాఖానాకు పంపిద్దామని ఉత్తరం రాసి సంతకం పెట్టారు. అక్కడికి వెళ్తే నెలకో, రెండు నెలలకో గానీ బయటికి రారు. మిషన్ ఇంకొకరి చేతికి పోతుంది.

ఉత్తరం వెళ్లాల్సిన రోజు పొద్దున మామూలుగానే తొమ్మిదికి నిలబడ్డాం. ముందు ఆయా. "చారన్నం వెడితే ముట్టడు సార్. చపాతి వెడితే రెండు తింటడు, గోడ దిక్కు మొకం వెట్టి తింటడు" అంది. రాత్రి డ్యూటీ నర్సు, ఆయన గోలీలకు గ్లాసు నీళ్లు తీసుకోవడం లేదనీ, నోట్లో వేసుకుని వెళ్లి నల్లా కింద నోరు పెడుతున్నారనీ చెప్పింది. పూసల పనికి పిలిస్తే రావడం లేదనీ, తోటలో నీళ్ల క్యాన్లు మాత్రం అడగకుండానే మోస్తున్నారనీ పనుల మేడమ్ చెప్పారు. నా వంతు వచ్చింది. ప్రత్యేకంగా ఏమీ లేదు, సెషన్‌కు వస్తున్నారు, మాట్లాడుతున్నారు అన్నాను. చివర డాక్టర్ గారు. అనుమానం అని మొదలుపెట్టి, మధ్యలో ఆగి, "చపాతీ కూడా మన వంటింట్లోదే కదా" అన్నారు, తనలో తను అనుకుంటున్నట్టు.

అప్పుడు సిస్టర్, తలుపు వెనక కాకుండా మా అందరి ముందూ, మొదటిసారి అన్నారు: "సార్, నాకో డౌటు."

మమ్మల్ని వార్డు గుమ్మం దగ్గరే ఉండమని, ఒక్కరే వెళ్లి లేత్ అన్న మంచం మీద పక్కన కూర్చున్నారు. ఆయన చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నారు. ఆయన ఎప్పుడూ అలాగే కూర్చుంటారు, డాక్టర్ గారు రౌండ్లకు వచ్చినప్పుడు కూడా. సిస్టర్ ఏమీ అడగలేదు. తన చేతులు రెండూ ముందుకు చాపి, అరచేతులు కిందికి తిప్పి పెట్టారు, పిల్లల ఆటలో పెట్టినట్టు. "ఇట్ల వెట్టు నాయినా" అన్నారు. ఆయన చాలాసేపు ఆమె చేతుల వంక చూశారు. తర్వాత తన చేతులు బయటికి తీసి చాపారు.

గుంతల రోడ్డు మీద షేర్ ఆటో అద్దం ఎట్లా వణుకుతుందో అట్లా వణికాయి.

డాక్టర్ గారు, "మందు" అన్నారు. ఇంకేమీ అనలేదు, అనాల్సింది కూడా లేదు. ఆ మందు కొందరికి చేతులు వణికిస్తుంది. చారు ఒలుకుతుంది, గ్లాసు నిలవదు, పూసలోకి దారం పోదు. చపాతీ చింపుకోవచ్చు, క్యాను పిడికిలితో మోయొచ్చు. మేము మందు పెంచిన కొద్దీ వణుకు పెరిగింది, వణుకు పెరిగిన కొద్దీ ఆయన కంచం ముందుకు రావడం మానేశారు. చేతి వణుకు సంగతి బయటపడితే షాపులో మిషన్ ముట్టనివ్వరని నలుగురిలో దాచుకున్నారు. మేము దాన్ని అనుమానం అన్నాం, జబ్బు అన్నాం, ఉత్తరం రాశాం.

ఉత్తరం ఆగింది. మందు మారింది. వణుకు తగ్గడానికి వారం పట్టింది, ఆ వారమంతా చారును గిన్నెలో సగానికే పోసి ఇచ్చింది ఆయా. ఉత్తరం ఆగిన మర్నాడు మీటింగులో డాక్టర్ గారు తన వంతు వచ్చేదాకా ఆగి, "చూసింది చెప్పమన్నారు కదా. నేను ఆయన ముఖం చూశాను, చేతులు చూడలేదు. చూడకుండా మందు పెంచాను" అన్నారు. ఒక డాక్టరు ఆయా ముందు అట్లా చెప్పడం నేనెక్కడా వినలేదు. సిస్టర్ దాన్ని పండగ చేయలేదు, ఉపన్యాసమూ ఇవ్వలేదు. "రాసుకున్నం సార్, చాయ్ సల్లారుతున్నది" అన్నారు. నెలాఖరుకు మూడు రోజులు ఉందనగా లేత్ అన్న భార్యతో కలిసి బస్సెక్కి వెళ్లిపోయారు.

ఈ కథ మా ఆస్పత్రిలో కొత్తగా చేరిన ప్రతివారికీ చెప్తాం. ఆమె ముందు ఎవరైనా చెప్తే, "నాదేమున్నది, చపాతి సంగతి జెప్పింది ఆయమ్మ" అని అడ్డం వచ్చేవారు. సమాధుల దగ్గర కూడా అదే కథ తలా ఒక ముక్కా చెప్పుకున్నారు. అందరికంటే రంజుగా చెప్పింది నేనే. సోమవారం పొద్దున తొమ్మిదికి మళ్లీ నిలబడ్డాం. దుప్పట్ల కట్టలు కుర్చీల మీద పెట్టింది ఎవరో తెలియదు. మొదలుపెట్టమనేవారు లేరు. డాక్టర్ గారు ఆయా వైపు తిరిగి, "చెప్పమ్మా" అన్నారు. ఆయా కొంగుతో మొహం తుడుచుకుని, మూడో పడక ఆమె రాత్రి రెండుసార్లు లేచిందని చెప్పింది.

ఈ వ్యాసంలో తన సంగతి రాయడానికి అనుమతి అడుగుదామని మొన్న గురువారం లేత్ అన్న షాపుకు వెళ్లాను. మిషన్ ఆపి, గుడ్డతో చేతులు తుడుచుకుంటూ విన్నారు. "సిస్టరమ్మ గురించైతే రాయున్రి సార్. పేరు వద్దు. లేత్ అని రాసుకోన్రి, ఫికర్ లేదు" అన్నారు. నేను అక్కడి నుంచి కదలలేదు. ఇంకోటి చెప్పాలి అన్నాను. ఆయనకు చెప్పింది మీకూ చెప్పాలి.

ఆ మీటింగుకు తొమ్మిది రోజుల ముందు, నా గదిలో, ఆయన నాతో అన్నారు: "సార్, చేతులు వణుకుతున్నయ్. చాయ్ గిలాస వట్టుకోనికి వస్తలేదు." ఇంతకంటే తేటగా ఎవరూ చెప్పలేరు. నేను గంభీరంగా తల ఊపాను. ఆ వణుకును ఆయన చిన్ననాటి భయాలకూ, వాళ్ల నాయిన కోపానికీ ముడిపెట్టి ఒక పేరా రాశాను. చాలా అందంగా వచ్చింది. శనివారం డాక్టర్ గారి ముందు కేసు వివరించే వంతు నాది, అప్పుడు అందరి ముందూ విప్పి మెప్పు పొందుదామని దాచుకున్నాను. ఆ శనివారం డాక్టర్ గారు సెలవు పెట్టారు. వచ్చే శనివారం చూద్దాంలే అనుకున్నాను. ఈలోపు మందు ఇంకోసారి పెరిగింది. మీటింగులో ఆయా చపాతీ అనగానే అందరికంటే ముందు అర్థమైంది నాకే. తొమ్మిది రోజులు ఎక్కడ పెట్టుకున్నావని అడుగుతారని భయపడి, ప్రత్యేకంగా ఏమీ లేదన్నాను. ఈ కథలో నేను నిజంగా చేసిన పని ఇదొక్కటే. సిస్టర్ అందరి ఫైళ్లూ చదువుతారు, ఆ పేరా కూడా చదివే ఉంటారు. నన్ను ఒక్క మాట అడగలేదు. మర్నాటి నుంచి మాత్రం మీటింగులో ఆయా కంటే ముందు నన్ను పిలవడం మొదలుపెట్టారు. ఉప్పల్‌లో మా ఇంట్లో దాన్ని ప్రమోషన్ అని చెప్పుకున్నాను.

లేత్ అన్న గుడ్డను మడిచి మిషన్ మీద పెట్టారు. "తెలుసు సార్. ఆ దినం పొద్దుమీకి సిస్టరమ్మ వచ్చి నా పక్కన కూసున్నది. 'నువ్వు జెప్పినవ్ నాయినా, మేం ఇన్లే. తప్పు మాదే' అన్నది. మీ పేరు దీయలే. మిమ్ముల నిలవెట్టి అడుగుదామనుకున్న. ఆమె గట్లన్నంక ఇంకేమడుగుత."

కళ్లద్దాలు పెట్టుకుని మిషన్ ఆన్ చేశారు. ఆ చప్పుడులో ఇక నేనేం చెప్పినా వినబడదు. ఉలిని జరిపే చేతి చక్రం వైపు చాస్తుంటే ఎడమ చేయి ఒక్క క్షణం సన్నగా అదిరింది. కుడి చేత్తో దాన్ని కాసేపు అదిమి పట్టుకుని, తర్వాత రెండు చేతులూ చక్రం మీద పెట్టారు. తిరుగుతున్న ఇనుము మీంచి వేడికి నీలం తేలిన తీగ ఒకటి చుట్టలు చుట్టలుగా ఊడి వస్తూ, తెగకుండా, ఆయన కాళ్ల దగ్గర పోగవుతోంది.